తెర తప్పా? మన తప్పా?

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి



మన కంప్యూటరు ల్యాబు గుమ్మం పక్కన గోడకు రెండు బోర్డులున్నాయి. ఒకటి "చెప్పులు బయటనే విడువవలెను". రెండవది "సెట్టింగులు మార్చరాదు". మొదటిదాని మీద నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. దుమ్ము లోపలికి పోతే యంత్రాలకు మంచిది కాదు. రెండవదాని గురించే నాలుగు మాటలు రాయాలని ఈ ప్రయత్నం. కోపంతో రాస్తున్నది కాదు. కోపం ఉండేది, అది పోయిన ఏడాదే చల్లారింది.

ముందు జరిగిన సంగతి చెప్తాను. పోయిన ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు తలా ఒక చిన్న ప్రాజెక్టు చెయ్యమన్నారు. నేను 'సి' భాషలో వడ్ల కాటా లెక్క రాశాను. బస్తా ఎంత తూగింది, గోనె సంచికి ఎంత తరుగు, మొత్తం ఎన్ని క్వింటాళ్ళు, ఇవన్నీ తెర మీద ఒక చక్కని గీతల పెట్టెలో కనిపించాలి. ఆ పెట్టె గీయడానికి ఎన్‌కర్సెస్ అనే లైబ్రరీ వాడాను. హాస్టల్లో మా రూమ్మేటు లాప్‌టాప్ ముందు వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుంటే పని పూర్తయింది. పెట్టె ఫోటో ఫ్రేములాగా నీటుగా వచ్చింది. గదిలో నలుగురూ చూసి శబాష్ అన్నారు.

పరీక్ష రోజు ల్యాబులో అదే ప్రోగ్రాము నడిపితే ఏం కనిపించిందనుకున్నారు? పై గీత ఉండాల్సిన చోట ఇంగ్లీషు చిన్నబడి 'ఎల్' ఒకటి, దాని వెనక చీమల బారులాగా ముప్పై నలభై 'క్యూ'లు, చివర ఒక 'కే'. నిలువు గీతల చోట పై నుంచి కింద దాకా అన్నీ 'ఎక్స్'లు. పరీక్ష చేయడానికి వచ్చిన సారు చూసి "ఏందిది?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. పక్కనున్న డిమాన్‌స్ట్రేటరు సారు "సెట్టింగులు ముట్టుకున్నవా?" అని అడిగారు. "లేదు సార్" అన్నాను. "మరి దానంతట అదే అయ్యిందా?" అన్నారు. కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్టు పగిలితే బ్రేకేజీ రాస్తారు చూడండి, అట్లా నాకు ఎనిమిది మార్కులు బ్రేకేజీ కింద పోయినయ్.

మార్కుల సంగతి వదిలేయండి. నన్ను ఇప్పటికీ బాధించేది వేరే ఉంది. ఆ నిమిషంలో నేను కూడా తప్పు నాదేననుకున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ అయినాక మొదటిసారి కీబోర్డు మీద చెయ్యి పెట్టినవాడికి ఆ అనుమానం రక్తంలోనే ఉంటుంది. యంత్రం ఏ వేషాలు వేసినా, మనమేదో చెయ్యరాని పని చేసి ఉంటాం అనుకుంటాం. చిన్నప్పటి నుంచి ఇంట్లో కంప్యూటరున్న పిల్లవాడు "ఈ డబ్బా పని చేస్తలేదు" అంటాడు. మనం "నేనేమన్న చేసిన్నా?" అంటాం. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో ఆలోచించండి!

ఆ వారం ఇంటికి పోతే అక్కడ బాయి కాడ మోటరు గొడవ. ట్రాన్స్‌ఫార్మరు రిపేరు చేసి పోయినప్పటి నుంచి బోరు సన్నగా పోస్తున్నది. మోటరు కాలిందేమో, పైకి గుంజాలేమో, మళ్ళీ ఎన్ని వేలో అని మా పెదనాన్న రంధి పడుతున్నాడు. మా బాపు స్టార్టరు డబ్బా ముందు కాసేపు నిలబడి చూసి, "మోటరు ఖరాబు కాలేదన్నా, ఫేజులు మారినయ్, ఎదురు తిరుగుతున్నది" అన్నాడు. కరెంటు బందు చేసి మూడు వైర్లలో రెండింటిని అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. మోటరూ మంచిదే, కరెంటూ మంచిదే. రెండింటి మధ్య వరస కుదరలేదు, అంతే!

తిరిగి హాస్టలుకు రాగానే ఒక పని చేశాను. రూమ్మేటు లాప్‌టాప్ నుంచి మన కాలేజీ సర్వరుకే కనెక్టయి, పరీక్షలో నడిపిన ఆ ప్రోగ్రామునే మళ్ళీ నడిపాను. పెట్టె చక్కగా వచ్చింది. సర్వరు అదే, ప్రోగ్రాము అదే. మారింది తెర ఒక్కటే. ఇక తప్పు ఎక్కడుందో వెతకడానికి చోటు ఎంత మిగిలింది చెప్పండి!

వేషం వేసిన తెర

మనం ల్యాబులో చూసే నల్లని కిటికీ అసలైన టెర్మినల్ కాదు. అది టెర్మినల్ వేషం వేసిన ఒక ప్రోగ్రాము. అందుకే దాన్ని టెర్మినల్ ఎమ్యులేటరు అంటారు. వేషం ఎవరిదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1969లో యూనిక్సు మొదలైననాడు దానితో మాట్లాడే సాధనం టెలిటైపు. అంటే కాగితం మీద టకటకా కొట్టే యంత్రం. తర్వాత కాగితం పోయి గాజు తెర వచ్చింది. వాటిలో పేరు మోసినది 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు తెచ్చిన వీటీ100. అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 24 వరసలు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఆ తెరలు మ్యూజియంలకు చేరాయి. కాని దాని వేషం మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది. మన ఎమ్యులేటర్లన్నీ ఏదో ఒక మేర వీటీ100 వారసులే.

ఈ తెరకు ఒకే దారి. అక్షరాలు వచ్చేదీ ఆ దారినే, ఆజ్ఞలు వచ్చేదీ ఆ దారినే. ఏది అక్షరం, ఏది ఆజ్ఞ అని తెలిసేదెట్లా? 27వ నంబరు గుర్తు వస్తే, దాన్నే ఎస్కేప్ అంటారు, ఆ తర్వాత వచ్చేది ఆజ్ఞ అని లెక్క. ఎస్కేప్ తర్వాత చదరపు బ్రాకెట్టు, 2, పెద్దబడి 'జె' వస్తే తెర తుడిచెయ్యాలి. బ్రాకెట్టు, 31, చిన్నబడి 'ఎం' వస్తే అక్కడి నుంచి అక్షరాలు ఎర్రగా రాయాలి. ఆజ్ఞ అర్థం కాని తెర ఏం చేస్తుంది? అమాయకంగా ఆ బ్రాకెట్టునూ అంకెలనూ అక్షరాలే అనుకుని తెర మీద అచ్చు గుద్దుతుంది. మనం చూసి "పిచ్చి గీతలు వచ్చినయ్" అంటాం. అది పిచ్చి కాదు, వినిపించని ఆజ్ఞ.

ఒక్కో కంపెనీ తెరకు ఒక్కో రకం ఆజ్ఞలుండేవి. ప్రతి ప్రోగ్రాములో అన్నీ రాయడం ఎవరి తరం? అందుకని 1978లో బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ టెర్మ్‌క్యాప్ అనే పద్ధతి చేశాడు. ఫలానా పేరు గల తెరకు ఫలానా ఆజ్ఞలు అని ఒక పెద్ద పట్టిక. దాని తర్వాత వచ్చిన టెర్మ్‌ఇన్ఫో పట్టికనే ఇప్పుడు మన లైనక్సు సర్వర్లు చూస్తున్నాయి. తెర తన పేరు చెప్పుకుంటుంది. ఆ పేరు టెర్మ్ అనే చలరాశిలో ఉంటుంది. ప్రోగ్రాము ఆ పేరు చూసి, పట్టిక తీసి, ఆ ప్రకారం ఆజ్ఞలిస్తుంది. ప్రోగ్రాము ఎన్నడూ తెరను కళ్ళతో చూడదు. చెప్పిన పేరును నమ్ముతుంది, అంతే.

మా ఊళ్ళో యక్షగానం ఆడేటప్పుడు తెర వెనక నుంచి పాత్ర పేరు ముందు చెప్తారు. హార్మోనియం వాయించేవాడు దాన్ని బట్టి శృతి పట్టుకుంటాడు. కృష్ణుడు వస్తున్నాడని చెప్పి దుర్యోధనుడు వస్తే హార్మోనియం వాడి తప్పా, వేషగాడి తప్పా?

ఇద్దరిదీ న్యాయమే!

ఇప్పుడు నా 'క్యూ'ల చీమల బారు సంగతి. వీటీ100 రోజుల్లో గీతలకు వేరే నంబర్లు ఇచ్చే వీలు లేక ఒక ఉపాయం చేశారు. ఒక ఆజ్ఞ ఇస్తే తెర 'గీతల వరస'లోకి మారుతుంది. ఆ వరసలో 'క్యూ' అంటే అడ్డగీత, 'ఎక్స్' అంటే నిలువుగీత, 'ఎల్' అంటే ఎడమ పై మూల, 'కే' అంటే కుడి పై మూల. ఇంకో ఆజ్ఞతో మామూలు అక్షరాల్లోకి తిరిగి వస్తుంది. ఎన్‌కర్సెస్ లైబ్రరీ ఎక్స్‌టెర్మ్ అనే పేరు చూసి, ఇది వీటీ100 సంతానమే కదా అని ఆ పాత పద్ధతిలోనే గీతలు పంపుతుంది.

కాని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఒక హోటలు బల్ల దగ్గర కూర్చుని యూటీఎఫ్-8 అనే కొత్త కట్టుబాటు తయారు చేశారు. ఇందులో ప్రపంచ భాషలన్నింటికీ, గీతలకు కూడా, ఎవరి నంబరు వారికే ఉంది. వరస మార్చుకునే అవసరమే లేదు. అందుకని కొన్ని ఎమ్యులేటర్లు, యూటీఎఫ్-8లో ఉన్నప్పుడు ఆ పాత 'గీతల వరస' ఆజ్ఞను పట్టించుకోవద్దని నిర్ణయించుకున్నాయి. పొరపాటున ఒక తప్పుడు గుర్తు వచ్చి తెరంతా గీతలైపోయే ప్రమాదం తప్పుతుంది కదా! ఆ జాబితాలో పుట్టీ అనే ప్రసిద్ధ ఉచిత ప్రోగ్రాము కూడా ఉండేది. (పుట్టి అంటే ఇరవై తూముల వడ్లనుకునే ఇంటి నుంచి వచ్చినవాణ్ణి నేను. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.) తర్వాతి కూర్పుల్లో, కావాలంటే పాత గీతలూ గీయవచ్చునని ఒక మీట పెట్టారు.

చూశారా! లైబ్రరీది న్యాయమే, ఎమ్యులేటరుదీ న్యాయమే. మధ్యలో ఎనిమిది మార్కులు పోయింది మాత్రం వడ్ల లెక్క రాసినవాడికి!

దీనికి మందు ఎంతో తెలుసా? ఒక్క వరస. ఎన్‌కర్సెస్_నో_యూటీఎఫ్8_ఏసీఎస్ అనే పొడుగాటి చలరాశికి 1 అని విలువ ఇస్తే, లైబ్రరీ పాత పద్ధతి మాని యూనికోడు గీతలే పంపుతుంది. ల్యాబు కంప్యూటరు మీద అది కొట్టి నడిపాను. పెట్టె అచ్చంగా వచ్చింది. పోయి డిమాన్‌స్ట్రేటరు సారును తీసుకొచ్చి చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని రెండుసార్లు వేసి తీసి చూశారు. "నాకూ ఇది తెలవదురా" అన్నారు. ఆ ఒక్క మాటతో నా కోపం సగం పోయింది. మార్కులు మాత్రం అప్పటికే పంపేశారు.

జబ్బుకో గుర్తు

ఆ రోజు నుంచి స్నేహితులెవరి తెర చెడినా నన్నే పిలుస్తున్నారు. తెర చెడినట్టు కనిపించే జబ్బులు చాలానే ఉన్నా, మన ల్యాబులో మళ్ళీ మళ్ళీ వచ్చేవి కొన్నే. దేని గుర్తు దానికుంది.

తెలుగు ఫైలు తెరిస్తే 'ఏ' అక్షరం మీద వాలుగీత, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే, మళ్ళీ అదే వస్తున్నదా? అయితే సర్వరు యూటీఎఫ్-8లో పంపుతున్నది, తెర పాత లాటిన్ పట్టికతో చదువుతున్నది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒక్కటే, రెండవ బైటు రెండింటిలో ఏదో ఒకటి. లాటిన్ పట్టికలో ఆ మొదటిది వాలుగీత 'ఏ', రెండవది డిగ్రీ గుర్తు లేదా కూడిక-తీసివేత గుర్తు. అందుకే మన భాష అంతా ఉష్ణోగ్రతల పట్టికలాగా కనిపిస్తుంది! ఫైలు చెడిపోలేదు. ఎమ్యులేటరు సెట్టింగుల్లో అక్షరాల పట్టికను యూటీఎఫ్-8 చేస్తే చాలు.

బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగకుండా టోపీ గుర్తూ, దాని పక్కన ప్రశ్నార్థకమో 'హెచ్' అక్షరమో పడుతున్నదా? ఆ మీటకు కొన్ని తెరలు 127 పంపుతాయి, కొన్ని 8 పంపుతాయి. సర్వరు ఒకదాని కోసం చూస్తుంటే తెర రెండోది పంపుతున్నదన్న మాట. రెండు చివరల్లో ఏదో ఒక చివర మారిస్తే సరి. కీబోర్డు పాడైందని కొత్తది అడగనక్కరలేదు.

పొడుగాటి ఆజ్ఞ కొడుతుంటే కింది వరసకు పోకుండా ఉన్న వరస మీదనే ఎక్కి దిద్దినట్టవుతున్నదా? కిటికీ ఎంత వెడల్పో సర్వరుకు తప్పుగా తెలుసు. కిటికీ పెద్దది చేశాక కూడా అది ఇంకా 80 అక్షరాలే అనుకుంటున్నది. ఎస్‌టీటీవై సైజ్ అని కొడితే అది ఏమనుకుంటున్నదో రెండు అంకెల్లో చెప్తుంది. మొదటిది వరసలు, రెండవది నిలువు గదులు.

రాతఫైలు అనుకుని యంత్రభాష ఫైలును తెర మీదికి వదిలాక, మనం కొట్టే ప్రతి అక్షరమూ గీతలుగా మారిందా? ఆ ఫైలులో ఎక్కడో ఉన్న 14వ నంబరు గుర్తు తెరను ఇంకో వరసలోకి నెట్టింది. కనిపించకపోయినా సరే, రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మన వాళ్ళు ఏం చేస్తారు? ప్లగ్గు పీకేస్తారు! చేసిన పని పోతుంది, రోగం ఏమిటో తెలియకుండానే పోతుంది.

వీటన్నిటికీ ఒకటే సూత్రం. ముందు అడుగు, తర్వాత మార్చు. తెర తన పేరు ఏమని చెప్పింది? ఏ అక్షర పట్టిక వాడుతున్నది? సర్వరు ఏది అనుకుంటున్నది? ఈ మూడింటికీ జవాబు రాసుకుని, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. టైట్రేషన్‌లో చుక్క చుక్క వదిలే మనకు ఇది కొత్త పాఠమా?

దొంగ మందు

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. తెర చెడిందంటే చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది. లాగిన్ ఫైలులో "టెర్మ్ ఈజ్ ఈక్వల్ టు వీటీ100" అని రాసి పారెయ్యి, అన్నీ సర్దుకుంటాయి అంటారు. నిజమే, చాలాసార్లు సర్దుకున్నట్టే కనిపిస్తుంది. కాని టీపుట్ కలర్స్ అని కొట్టి చూడండి. ఎక్స్‌టెర్మ్-256కలర్ అనే పేరుకు 256 అని వస్తుంది. ఎక్స్‌టెర్మ్‌కు 8 అని వస్తుంది. వీటీ100కు ఒకటి తక్కువ సున్నా, అంటే రంగులే లేవని. తెర మీద రంగులుండి కూడా లేవని చెప్పుకున్నట్టే. దీనికి వ్యతిరేకంగా కొందరు, లేని రంగులు ఉన్నాయని పెద్ద పేరు రాస్తారు. రెండూ అబద్ధాలే.

నేనూ చేశాను ఈ పని. లాగిన్ ఫైలులో ఒక పేరు ఖాయంగా రాసి పెట్టాను. నెల రోజులు హాయిగా గడిచింది. ఒకరోజు టీమక్స్ నేర్చుకుందామని తెరిస్తే లోపలంతా చిందరవందర. ఎందుకంటే టీమక్స్ తానే ఒక తెర వేషం. దానికి టీమక్స్ అనో స్క్రీన్ అనో తన సొంత పేరుండాలి. నా ఫైలులోని వరస ఆ పేరును చెరిపేసి నా అబద్ధం రాసింది. పేరు చెప్పాల్సింది తెర. తెర పక్షాన మనం ఖాయంగా చెప్తే ఏదో ఒకరోజు దొరికిపోతాం. సరైన చోటు ఎమ్యులేటరు సెట్టింగుల్లో ఉంది, అందరికీ నిషిద్ధమైన ఆ పేజీలోనే ఉంది!

మన అక్షరానికి ఎన్ని గదులు?

నా ప్రాజెక్టులో మరో చిన్న ఓటమి ఉంది. దాన్ని పరీక్షలో ఎవరూ చూడలేదు. మొదట పెట్టె పైన "వడ్ల లెక్క" అని తెలుగులోనే రాశాను. కుడి పక్క గీత ఒకచోట నిలవలేదు. విసుగెత్తి తీసేసి ఇంగ్లీషులో పెట్టాను.

తర్వాత లెక్క వేసి చూస్తే తెలిసింది. "వడ్ల లెక్క" అన్న మాటలు కంటికి నాలుగక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ. యూనికోడు సంకేతాలుగా ఖాళీతో కలిపి 10. బైట్లుగా 28. టెర్మినల్ తెర గళ్ళ నోటుబుక్కు లాంటిది, అక్షరానికి ఇన్ని గదులని ముందే పట్టిక రాసుకుంటుంది. ఆ పట్టిక ప్రకారం దీనికి 7 గదులు. నాలుగు లెక్కలూ నాలుగు రకాలు! ఇంకా విచిత్రం వినండి. చాలా పట్టికల్లో 'కి'కి ఒక గది, 'కు'కు రెండు గదులు. గుడి పైన ఎక్కి కూర్చుంటుంది కాబట్టి చోటు అక్కరలేదనీ, కొమ్ము పక్కన వస్తుంది కాబట్టి ఒక గది కావాలనీ వర్గీకరణ. పలకలో దిద్దిన ఏ పిల్లవాడైనా ఒప్పుకుంటాడా?

80 గదుల తెర ఇంగ్లీషు టైపు కొలతల మీద పుట్టింది. తెలుగు ఒత్తు కింద వేలాడుతుందని, గుణింతం నాలుగు దిక్కులా పాకుతుందని ఆనాడు దాన్ని గీసినవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? వాళ్ళను తిట్టి లాభం లేదు. కాని సరిచెయ్యాల్సినవాళ్ళు ఎవరు? 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లు ఒక తెలుగు అక్షరం చూస్తే కూలిపోతున్నాయని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య ఒక కనిపించని గుర్తు చేరితే అట్లా అయ్యేది. ఐఓఎస్ 11.2.6 కూర్పుతో ఆ నెలలోనే సరిచేశారు. పత్రికలు దాన్ని "తెలుగు అక్షరం తెచ్చిన ముప్పు" అన్న తీరులో చెప్పాయి. తప్పు అక్షరానిదా? చదవలేని ప్రోగ్రాముదా? నన్ను అడిగినట్టే దాన్నీ అడిగారు, "ఏం ముట్టుకున్నవ్?" అని!

ఈ గదుల లెక్క సరిచెయ్యడానికి తెలుగు గుణింతం తెలిసిన చేతులు కావాలి. ఆ చేతులు మన దగ్గరున్నాయి. సెట్టింగుల పేజీ తెరవడానికే భయపడే చేతులతో ఆ పని అయ్యేనా?

అవతలి మాట

సార్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. ఒక బ్యాచికి అరవై మంది, చూసుకునేది ఇద్దరు. అందరూ తోచినట్టు మారిస్తే తర్వాతి బ్యాచి గతేమిటి? ఒకసారి ఎవరో సరదాకు అక్షరాల రంగునూ వెనక రంగునూ రెండింటినీ నలుపు చేసి పోతే, మర్నాడు అరగంట క్లాసు వృథా అయింది. అది నేను కళ్ళారా చూశాను. కాబట్టి బోర్డు పెట్టినవాళ్ళు మూర్ఖులు కారు.

అయితే కట్టెసరి తాళం వెయ్యడం ఒక్కటేనా ఉపాయం? నా మనవి ఇది. మొదటిది, ల్యాబు వారి అసలు సెట్టింగులు ఒక పేరుతో భద్రంగా దాచి, విద్యార్థి మార్చుకునేందుకు వేరే పేరుతో నకలు ఒకటి ఇవ్వాలి. ఇది పది నిమిషాల పని. రెండవది, పైన చెప్పిన గుర్తులూ మందులూ ఒక అట్ట మీద తెలుగులో రాసి ల్యాబులో వేలాడదీయాలి. రాసే బాధ్యత నాది. మూడవది, మొదటి సంవత్సరంలో ఒక పూట ప్రాక్టికల్ దీనికే కేటాయించాలి. తెరను కావాలని చెడగొట్టి, మళ్ళీ బాగుచెయ్యమనాలి. నాలుగవది, పరీక్షలో ఒకరి ప్రోగ్రాము వంకరగా కనిపిస్తే మార్కులు కొయ్యడానికి ముందు ఇంకో తెర మీద ఒక్కసారి నడిపి చూడాలి. డబ్బు ఖర్చు ఏ ఒక్కదానికీ లేదు. విద్యార్థి సంఘం వారు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే వినతిపత్రంలో బస్ పాసులతో, మెస్ బిల్లులతో పాటు ఈ నాలుగు వరసలు కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఆ బోర్డు మొత్తం తీసెయ్యమని కూడా నేననడం లేదు. మాట మారిస్తే చాలు. "సెట్టింగులు మార్చినచో పాత విలువ, కొత్త విలువ, కారణము రిజిస్టరులో వ్రాయవలెను." సైన్సు చదివేవాడికి ఇంతకంటే తగిన ఆజ్ఞ ఏముంటుంది?

చివరిగా, ఈ ఏడాది చేరిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ, అందులోనూ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఒక మాట. రేపు మీ తెర మీద 'క్యూ'లు బారులు తీరవచ్చు, తెలుగు డిగ్రీ గుర్తులుగా మారవచ్చు. "నేనేమన్న చేసిన్నా?" అని ముడుచుకుపోకండి. ప్లగ్గు పీకకండి. టెర్మ్ అంటే ఏమున్నదో ముందు అడగండి. అంతుపట్టకపోతే హాస్టలు గదికి రండి, ఇద్దరం కూర్చుని చూద్దాం.